జావా స్ప్లిట్‌లో రాలిపోయే ఖాళీలు

భద్రాచలం ఏజెన్సీ ఊళ్ల జాబితా తిరగేస్తే అక్కడక్కడా మనుషులు లేని ఊళ్లు తగులుతాయి. రెవెన్యూ వాళ్లు వాటిని బేచిరాగ్ గ్రామాలంటారు. ఇల్లు ఒక్కటి లేకపోయినా పేరు, నంబరు రికార్డులో అలాగే ఉంటాయి. జనాభా లెక్కలవాళ్లూ వాటికి కోడ్ ఇస్తారు. ఖాళీని లెక్కలోంచి తీసేయకూడదన్న ఈ జాగ్రత్త జావా ప్రోగ్రామింగ్ భాషకు మొదట్లో లేదు.

1996 జనవరిలో వచ్చిన తొలి జావాలో స్ట్రింగ్‌ను ముక్కలు చేసే పని స్ట్రింగ్‌టోకెనైజర్‌ది. పక్కపక్కన రెండు కామాలొస్తే దానికి ఒక్కటే. ఊరు, మండలం, జిల్లా, జనాభా, ఇళ్లు అని ఐదు గడులున్న వరుసలో జనాభా వదిలేసి, ఇళ్ల దగ్గర 40 రాశారనుకోండి. నాలుగే ముక్కలొస్తాయి. ఆ 40 జనాభా గడిలోకి జరుగుతుంది. టోకెన్లు ఉన్నంతవరకు చదివే లూప్‌లో ఎర్రర్ కూడా రాదు. నలభై ఇళ్ల ఊరు నలభై మంది ఊరైపోతుంది.

2002లో జావా 1.4తో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, వాటి వెంటే స్ప్లిట్ వచ్చాయి. మధ్య ఖాళీలు దక్కాయి, చివరివి మాత్రం పోయాయి. 1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్‌లోని స్ప్లిట్‌దీ ఇదే నడవడి. వాక్యంలో మాటలు ఏరుకునేవారికి అది హాయే. రికార్డులు చదివేవారికి ముప్పు. చర్ల మండలంలోని బేచిరాగ్ ఊరి వరుస జనాభా, ఇళ్లు లేకుండా రెండు కామాలతో ముగిస్తే చేతికి మూడే ముక్కలొస్తాయి. నాలుగోది అడగగానే అర్రే హద్దు దాటిందన్న ఎక్సెప్షన్. ఒట్టి కామా ఒక్కటే ఇస్తే అర్రే పొడవు 0. ఏమీ లేని స్ట్రింగ్ ఇస్తే 1! కామా దొరక్కపోతే ఉన్న స్ట్రింగ్‌నే తిరిగివ్వాలన్నది నియమం కాబట్టి అలా జరుగుతుంది.

మన తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులో ఇది తరచూ ఎదురయ్యే చిక్కే. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం మళ్లీ తూర్పు గోదావరికి వెళ్లాయి. 2016లో భద్రాచలం పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఈ మార్పులు తెలిపేందుకు చివర్న ‘2014 నాటి జిల్లా’ అని ఒక గడి పెట్టి, జిల్లా మారిన ఊళ్లకే నింపారనుకుందాం. చింతూరు వరుసకు అన్ని ముక్కలూ వస్తాయి, జిల్లా మారని మధిర వరుసకు ఒకటి తగ్గుతుంది.

మందు మాత్రం 1.4లోనే ఉంది: రెండో ఆర్గ్యుమెంట్‌గా -1 ఇస్తే చివరి ఖాళీలూ నిలుస్తాయి. అది తెలియక ఎన్ని ప్రోగ్రాములు కూలాయో! ఈ లోటు తీర్చడానికి బయటి లైబ్రరీలు పూనుకున్నాయి. అపాచీ కామన్స్ లాంగ్ ఖాళీలన్నీ కాపాడే వేరే మెథడ్ ఇచ్చింది. గూగుల్ వారి గ్వావా స్ప్లిటర్ వాటిని ఉంచుతుంది, వద్దనుకుంటే మనమే ఆ మాట రాయాలి. నా దృష్టిలో సరైన వరస ఇదే.

2014 మార్చిలో జావా 8 ఇంకో మూల సరిచేసింది. అంతకుముందు ఖాళీ ప్యాటర్న్‌తో స్ప్లిట్ చేస్తే మొదట్లో ఒక ఖాళీ ముక్క వచ్చేది, అది ఆగిపోయింది. చివరి ఖాళీల నియమాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే దాన్ని నమ్ముకున్న పాత కోడ్ విరుగుతుంది. 2023లో జావా 21 తెచ్చిన స్ప్లిట్‌విత్‌డీలిమిటర్స్‌లోనూ రెండో ఆర్గ్యుమెంట్‌గా 0 ఇస్తే చివరి ఖాళీలు పోతాయి. అయితే ఆ సంఖ్య రాయకుండా దాన్ని పిలవడం కుదరదు. ఉంచాలో పారేయాలో ప్రోగ్రామర్ తన చేత్తో రాయాల్సిందే.