వాసర్‌కుప్ప కొండ నేర్పిన నియమాలు

గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. దిగే చోటు తప్పిందంటే మళ్లీ పైకి లేచి ఇంకోసారి చూసుకుందామనే వీలు లేదు. అందుకే గ్లైడర్ పైలట్ల మధ్య విమానం పటుత్వం గురించి, నడిపేవాడి అర్హత గురించి, ఆ రోజు గాలి తీరు గురించి చర్చ నూరేళ్లకు పైగా సాగుతూనే ఉంది. నేటి గ్లైడింగ్ నియమాల్లో చాలావాటి వెనక ఏదో ఒక ప్రమాదం ఉంది, కొన్నిటి వెనక ప్రాణాలే పోయాయి. వాటిలో పెద్ద భాగం జర్మనీలోని ఒకే కొండ మీద, రెండు దశాబ్దాల్లో రూపుదిద్దుకుంది.

ఆ కొండకు ముందు ఒట్టో లిలియెంథాల్ ఉన్నాడు. 1891 నుంచి ఎగరడం మొదలుపెట్టిన ఈ జర్మన్ ఇంజినీరు 1894లో బెర్లిన్ శివారులో తన కోసం సుమారు 15 మీటర్ల ఎత్తున మట్టి దిబ్బ పోయించుకున్నాడు. దాదాపు 2000 సార్లు ఎగిరాడు, 250 మీటర్ల దూరం దాకా వెళ్లాడు. గ్లైడర్‌ను అదుపు చేయడానికి ఆయనకున్న సాధనం తన ఒళ్లే. రెక్కల కింద వేలాడుతూ కాళ్లు అటూ ఇటూ ఊపి బరువు మార్చేవాడు. 1896 ఆగస్టు 9న గోలెన్‌బర్గ్ కొండ మీద ఒక గాలి తెర గ్లైడర్ ముక్కును పైకెత్తేసింది. వేగం పడిపోయి రెక్కలు గాలిలో పట్టు కోల్పోయాయి. ఒళ్లు ఎంత ముందుకు విసిరినా ముక్కు దిగలేదు. వెన్నుపూస విరిగిన లిలియెంథాల్ మర్నాడు చనిపోయాడు. మూడేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో పెర్సీ పిల్చర్ గ్లైడర్ తోక గాలిలోనే విరిగి, ఆయనా ప్రాణం పోగొట్టుకున్నాడు.

మొదటి ప్రమాదం అదుపు చాలక జరిగింది, రెండోది కట్టడం బలం చాలక జరిగింది. రైట్ సోదరులు ఈ అనుభవాలను శ్రద్ధగా చదువుకున్నారు. ఇంజిన్ జోలికి పోకముందే గ్లైడర్ల మీద అదుపు సాధించారు. ఇసుక మేటల మీద, తక్కువ ఎత్తులో, ఎదురుగాలికి ఎగిరారు. 1911 అక్టోబరు 24న మళ్లీ గ్లైడర్ ఎక్కిన ఆర్విల్ రైట్ 9 నిమిషాల 45 సెకన్లు గాలిలో నిలిచాడు. దాదాపు పదేళ్ల పాటు దాన్ని ఎవరూ దాటలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజిన్ విమానాల తయారీని కట్టడి చేసింది. ఎగరాలన్న కోరిక ఉన్న విద్యార్థులు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన పైలట్లు గ్లైడర్ల వైపు మళ్లారు. ఒక వైమానిక పత్రిక సంపాదకుడు ఆస్కార్ ఉర్సినస్ పిలుపుతో 1920 వేసవిలో ర్యోన్ కొండల్లోని వాసర్‌కుప్ప మీద తొలి పోటీ జరిగింది. 950 మీటర్ల ఎత్తున్న ఆ కొండ నెత్తి చెట్లు లేని గడ్డిమైదానం, గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఎగరవచ్చు. ఆ తొలి పోటీలోనే ఓయ్‌గెన్ ఫాన్ లోస్ల్ గ్లైడర్ తోక దెబ్బతిని కూలి మరణించాడు. చేతికి దొరికిన కర్రతో, గుడ్డతో కట్టుకొచ్చిన విమానాన్ని ఎగరనిచ్చే ముందు మరొకరు పరీక్షించాలన్న పట్టుదల ఇలాంటి చావుల నుంచే బలపడింది. కట్టినవాడి కన్ను తన తప్పును చూడలేదు కనుక తనిఖీ చేసేది వేరే మనిషి కావాలన్న ఆ సూత్రం నేటికీ గ్లైడింగ్‌కు పునాది.

1922లో హానోవర్ విద్యార్థులు తయారుచేసిన వాంపైర్ గ్లైడర్ మీద మార్టెన్స్ అనే పైలట్ గంటకు పైగా, హెంట్‌సెన్ అనే మరొకరు మూడు గంటలకు పైగా ఎగిరారు. కొండ వాలును తాకి పైకి మళ్లే గాలిలో అటూ ఇటూ తిరుగుతూ సాధించిన విజయమది. దాంతో నేర్చుకోవాలని వచ్చేవాళ్లు కొండకు పోటెత్తారు. ఒకే సీటున్న గ్లైడర్లతో అంతమందికి నేర్పేదెలా?

ఫ్రిట్జ్ స్టామర్ నడిపిన శిక్షణ పాఠశాల దీనికి కనిపెట్టిన పద్ధతిని దగ్గరగా చూడాలి. 1926లో వచ్చిన త్స్యోగ్లింగ్ అనే గ్లైడర్‌లో పైలట్ చుట్టూ ఏ మరుగూ ఉండదు. ఒక దూలం మీద బిగించిన పలక సీటు, చేతిలో ఒక కర్ర, కాళ్ల కింద ఒక అడ్డపట్టె, తల మీద రెక్క, అంతే. ముక్కు దగ్గరి కొక్కేనికి రబ్బరు తాడు నడిమిభాగం తగిలించి, రెండు కొసలనూ కుర్రాళ్ల జట్లు చెరో వైపు పట్టుకునేవి. మరికొందరు తోకను గట్టిగా పట్టుకుని ఉండేవారు. మొదటి కేకకు తాడు సాగదీసేవారు, రెండో కేకకు పల్లానికి పరుగెత్తేవారు, మూడో కేకకు తోక వదిలేసేవారు. ఉండేలు నుంచి రాయి వెళ్లినట్టు గ్లైడర్ దూసుకుపోయేది. పక్కన గురువు లేడు, తప్పు దిద్దే చెయ్యి లేదు. కాబట్టి మొదటి రోజు నేల మీద జారడం, తర్వాత మనిషెత్తు గెంతు, ఆ తర్వాత ఇంకాస్త. ప్రతి గెంతుకూ తాడును ఎంత సాగదీయాలో గురువు నిర్ణయించేవాడు. శిష్యుడి స్థాయికి మించిన ఎత్తు ఇవ్వకపోవడమే అప్పటి భద్రత. ఎముకలు విరిగేవి, గ్లైడర్లు రోజూ మరమ్మతుకు వెళ్లేవి. రెండు సీట్ల గ్లైడర్లలో గురువు పక్కనుండి నేర్పడం తర్వాతి తరంలో స్థిరపడింది. ఈ రెండో పద్ధతే మేలని అనుభవం తేల్చింది.

ఆ మెట్లే బ్యాడ్జీలయ్యాయి. అర నిమిషం తిన్నగా ఎగిరితే ‘ఏ’, మలుపులు తిరుగుతూ నిమిషం ఎగిరితే ‘బి’, బయల్దేరిన చోటు కంటే పైన ఐదు నిమిషాలు నిలిస్తే ‘సి’. నీలి చక్రంలో ఒకటి, రెండు, మూడు తెల్లని సముద్రపక్షుల గుర్తు. 1931లో దీనిపైన వెండి బ్యాడ్జీ వచ్చింది. దానికి ఐదు గంటలు గాలిలో ఉండాలి, 50 కిలోమీటర్లు వెళ్లాలి, 1000 మీటర్ల ఎత్తు సంపాదించాలి. దాన్ని ముందుగా అందుకున్నవారు రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్, వోల్ఫ్ హిర్త్. ప్రభుత్వ లైసెన్స్ పాత్ర చాలా చోట్ల ఈ గుర్తులే పోషించాయి. బ్రిటన్‌లో 1929లో ఏర్పడిన గ్లైడింగ్ సంఘమే దశాబ్దాల పాటు పైలట్ల అర్హతలను చూసుకుంది. అమెరికాలో మాత్రం లైసెన్స్ ప్రభుత్వమే ఇచ్చింది. 1930లో చార్లెస్ లిండ్‌బర్గ్, ఆయన భార్య ఆన్ అలాంటి గ్లైడర్ లైసెన్స్‌లే తీసుకున్నారు.

వాతావరణ జ్ఞానం మాత్రం ఒక భయానక ఘటనతో మలుపు తిరిగింది. 1926లో పైలట్ మాక్స్ కేగెల్‌ను ఒక ఉరుముల మబ్బు లోపలికి లాగేసింది. బతికి బయటపడి చూసుకుంటే 55 కిలోమీటర్లు దాటి ఉన్నాడు. వాలు గాలి అవసరం లేకుండానే పైకెత్తే బలం ఆకాశంలో ఉందని అది చాటింది. వాతావరణ శాస్త్రవేత్త వాల్టర్ గియోర్గి ఆ బలాన్ని పద్ధతిగా అధ్యయనం చేయించాడు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలి స్తంభాలలో, అంటే థర్మల్స్‌లో, గద్దల్లా గిరగిరా తిరుగుతూ ఎక్కడం పైలట్లు నేర్చుకున్నారు. ఎక్కుతున్నామో దిగుతున్నామో చెప్పే వేరియోమీటర్ అనే పరికరం ఇందుకు తోడ్పడింది.

మబ్బులోకి దూరే సాహసం ఖరీదు పెద్దది. నేల కనబడనప్పుడు గ్లైడర్ ఎటు వాలిందో ఒంటికి తెలియదు. క్షణాల్లో వేగం హద్దు మీరి రెక్కలు విరిగేవి. పారాచూట్ కట్టుకోవడం ఆనవాయితీ అయినా అదీ ఎత్తుంటేనే కాపాడుతుంది. 1932లో ప్రసిద్ధ పైలట్ గ్యుంటర్ గ్రోన్‌హోఫ్ వాసర్‌కుప్ప మీద దెబ్బతిన్న గ్లైడర్ నుంచి చాలా తక్కువ ఎత్తులో దూకి చనిపోయాడు. వేగం హద్దు మీరే సమస్యకు అసలైన జవాబు హాన్స్ యాకోబ్స్ తయారుచేసిన గాలి బ్రేకులు. రెక్కల నుంచి నిలువుగా లేచే పలకలు నిట్టనిలువు డైవ్‌లోనూ వేగాన్ని హద్దులో ఉంచుతాయి. పైలట్ హానా రైట్ష్ వాటిని గాలిలో పరీక్షించింది. చిన్న పొలంలో దిగడానికీ అవే ఆధారం కావడంతో నేటి గ్లైడర్లలో దాదాపు అన్నిటికీ అలాంటి బ్రేకులుంటాయి.

ఈ కథలో దాచకూడని మరో వైపు ఉంది. 1933 తర్వాత నాజీలు గ్లైడింగ్‌ను గుప్పిట పట్టి, యువకులను వాయుసేనకు తయారుచేసే మెట్టుగా వాడుకున్నారు. వెండి బ్యాడ్జీ తొలి గ్రహీతల్లో ఒకడైన క్రోన్‌ఫెల్డ్ యూదుడు కావడం వల్ల దేశం వదలాల్సి వచ్చింది. బ్రిటన్‌లో పరీక్షా పైలట్‌గా పనిచేస్తూ 1948లో ప్రమాదంలో మరణించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీలో 1951 దాకా గ్లైడింగ్ నిషేధమే.

యుద్ధం తర్వాత నియమాలు కొత్త దిక్కులకు సాగాయి. పర్వతాల వెనక ఏర్పడే గాలి కెరటాలను హిర్త్ 1933లోనే చవిచూశాడు. వాటి మీద ఎక్కినవారికి ఆక్సిజన్ తప్పనిసరి అవసరమైంది. 2018లో పెర్లాన్ 2 గ్లైడర్ అర్జెంటీనాలో 76,000 అడుగులు దాటింది, అదీ పీడనం నిలిపే మూసిన క్యాబిన్‌తో. ఎక్కువసేపు ఎగిరే పోటీకి మాత్రం స్వస్తి చెప్పారు. 1952లో చార్లెస్ అత్జే ఫ్రాన్స్‌లో 56 గంటల 15 నిమిషాలు ఎగిరాడు. నిద్ర ముంచుకొచ్చినవాడు కొండను గుద్దుకుంటాడు కనుక ఆ రికార్డును నమోదు చేయడమే ఆపేశారు. ఆ నిర్ణయం సరైనది, ఎందుకంటే అందులో నేర్పు కంటే ఓర్చుకునే మొండితనానిదే పైచేయి.

భారతదేశంలో పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం 1950ల చివరి నుంచి సొంతంగా గ్లైడర్లను రూపొందించింది. వాటికి పెట్టిన పేర్లు తెలుగువాళ్లకు పంచాంగంలో పరిచయమైనవే: అశ్విని, భరణి, కార్తిక్, రోహిణి, మృగశీర్, ఆర్ద్ర. 1961లో ఎగిరిన రోహిణిలో గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు, శిక్షణ కోసమే ఆ ఏర్పాటు. ఇక్కడ గ్లైడర్ పైలట్ లైసెన్స్ బ్రిటిష్ కాలపు 1937 విమాన నియమాల చట్రంలో నడిచింది. ఐరోపాలో ఇప్పుడు లైసెన్స్‌కు 16 ఏళ్లు నిండాలి, కనీసం 15 గంటల శిక్షణ కావాలి.

ఇరవై ఒకటో శతాబ్దంలో మిగిలిన పెద్ద ప్రమాదం గాలిలో ఢీకొనడం. ఒకే థర్మల్‌లో పది గ్లైడర్లు తిరుగుతుంటే ఎవరి రెక్క ఎవరికి మరుగో తెలియదు. 2004లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్లార్మ్ పరికరం జీపీఎస్‌తో తన దారిని లెక్కగట్టి చుట్టుపక్కల గ్లైడర్లకు చెబుతుంది, దారులు కలిసేలా ఉంటే హెచ్చరిస్తుంది. ఎలాంటి సంకేతమూ పంపని విమానాన్ని మాత్రం అది గుర్తించజాలదు. కాబట్టి థర్మల్‌లోకి ముందు చేరిన గ్లైడర్ ఏ వైపు తిరుగుతోందో తర్వాత వచ్చినవారూ ఆ వైపే తిరగాలన్న పాత నియమం ఇప్పటికీ అమల్లో ఉంది.