అడగని సాయం

నరకంలో పడి ఉన్న మనిషిని పట్టి పైకి లాగిన చెయ్యి కాస్టియెల్‌ది. 2008 సెప్టెంబరులో అమెరికన్ సీరియల్ ‘సూపర్‌నేచురల్’ నాలుగో సీజన్ మొదలైన రోజునే ఆ దేవదూత తెర మీదికి వచ్చాడు. పొడవాటి కోటు, వదులుగా వేలాడే టై, నవ్వెరగని మొహం. ఆ పాత్రకు ప్రాణం పోసింది మిషా కాలిన్స్. పైనుంచి వచ్చే ఆజ్ఞ తప్ప మరొకటి ఎరగని ఆ సైనికుడు, దయ్యాల్ని వేటాడే వించెస్టర్ అన్నదమ్ములు డీన్, సామ్‌ల సావాసంలో, తప్పుడు ఆజ్ఞను కాదనవచ్చని నేర్చుకున్నాడు. వాళ్ల పక్షాన నిలబడి స్వర్గాన్ని ధిక్కరించాడు. ప్రాణాలిచ్చాడు. మళ్లీ బతికి లేచాడు. అలాంటివాడు కూలిపోయాడు గనకే, తప్పెవరిదన్న వాదన అభిమానుల మధ్య ఇన్నేళ్లయినా తెగలేదు.

ఆ వాదనంతా తిరిగేది 2011 మే 6న ప్రసారమైన ఎపిసోడ్ చుట్టూ. రాసిందీ, దర్శకత్వం వహించిందీ బెన్ ఎడ్లండ్. ‘ద మ్యాన్ హూ వుడ్ బి కింగ్’ అన్న పేరు కిప్లింగ్ కథది. జనం చేత దేవుడిగా పూజలందుకున్న ఒక సాహసికుడు, ఒంటి మీద నెత్తురు కనబడగానే అందరిలాంటి మనిషేనని తేలిపోయి ప్రాణాలు పోగొట్టుకునే కథ అది. ఆ పేరులోనే కాస్టియెల్ జాతకం రాసి ఉంది.

ఎపిసోడ్ అంతా అతను ఒక తోటలో బల్ల మీద కూర్చుని దేవుడితో చెప్పుకునే మొర. ప్రళయం ఆగింది. ప్రళయానికి సిద్ధమైన ప్రధాన దేవదూతలు లూసిఫర్‌నూ మైకేల్‌నూ నరకంలోని బోనులోకి ఈడ్చుకుని సామ్ తానూ అందులో దూకాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న డీన్, ప్రియురాలు లీసా ఇంట్లో మామూలు బతుకు మొదలుపెట్టాడు. పైన స్వర్గంలో మాత్రం మరో ప్రధాన దేవదూత రాఫేల్, ఆగిన ప్రళయాన్ని మళ్లీ నడిపిస్తానన్నాడు. తనకు లొంగమని కాస్టియెల్‌ను ఆజ్ఞాపించాడు. ఇతను కాదన్నాడు. ఒళ్లు హూనమయ్యేలా దెబ్బలు తిన్నాడు. రాఫేల్ బలం ముందు తన బలం ఏపాటిదో తెలిసొచ్చింది.

అప్పుడు డీన్ దగ్గరికే వచ్చాడు. డీన్ పెరట్లో రాలిన ఆకులు పోగుచేస్తున్నాడు. కాస్టియెల్ అతనికి కనబడకుండా నిలబడి చూశాడు. ఈ మనిషి ఇప్పటికే ఎంతో ఇచ్చేశాడు, ఇంకా ఏమని అడగను అనుకున్నాడు. నోరు తెరిచేలోపే పక్కన నరకాధిపతి క్రౌలీ ప్రత్యక్షమయ్యాడు. రాక్షసులు చచ్చి చేరే పర్గేటరీని తెరుద్దాం, అందులోని ఆత్మల్ని పంచుకుందాం, రాఫేల్‌ను నిలువరించడానికి ముందుగా యాభై వేల ఆత్మల్ని నరకం నుంచి అప్పిస్తానన్నాడు. కాస్టియెల్ ఒప్పుకున్నాడు. డీన్ ఆకులు పోగుచేస్తూనే ఉన్నాడు. వెనక ఏం జరిగిందో అతనికి తెలియదు.

ఆ తర్వాత ఒక అబద్ధాన్ని కాయడానికి మరో అబద్ధం. క్రౌలీ చచ్చాడని స్నేహితుల్ని నమ్మించాడు. వాళ్ల మాటలు చాటుగా విన్నాడు. చివరికి ఆ చాటుతనమే పట్టిచ్చింది. వాళ్లు తమలో తాము అనుకున్న సూపర్‌మ్యాన్ మాట అతని నోట వినబడగానే డీన్ మొహం పాలిపోయింది. పవిత్ర తైలంతో వేసిన మంటల వలయంలో నిలబెట్టి నిలదీశారు. తర్వాత ఒంటరిగా కలిసినప్పుడు డీన్ బతిమాలినంత పని చేశాడు. నువ్వు నాకు సొంత తమ్ముడితో సమానం, వద్దంటున్నాను, నా మాట నమ్ము అన్నాడు. కాస్టియెల్ నమ్మలేదు. తోటలో దేవుణ్ణి ఒక్క గుర్తు చూపమని అడిగాడు. ఏ గుర్తూ రాలేదు.

మిగిలిన పతనానికి రెండు వారాలు చాలింది. బోను నుంచి తిరిగొచ్చిన సామ్ మనసులో నరకపు జ్ఞాపకాల్ని ఆపుతున్న గోడను కాస్టియెల్ కూల్చేశాడు. తన వాడైన బాల్తజార్‌ను వెన్నులో పొడిచాడు. ఆత్మలన్నిటినీ మింగి, చిటికె వేసి రాఫేల్‌ను తునాతునకలు చేశాడు. గెలిచాక ఆగలేదు. ఇక నేనే దేవుణ్ణన్నాడు, మోకరిల్లమన్నాడు. ఏడో సీజన్ మొదట్లో ఆ ఆత్మలతో పాటు లోపలికి చొరబడిన లెవయాథన్లనే రాక్షసజీవులు అతని ఒంటిని వశం చేసుకుని ఒక జలాశయంలోకి నడిపించాయి. నీళ్ల మీద కోటు తేలింది. డీన్ దాన్ని తీసి మడత పెట్టాడు.

అభిమానుల్లో ఒక వర్గం ఇదంతా అహంకారమంటుంది. ప్రియమైనవాళ్లు వద్దన్నా వినని వాడిపై జాలెందుకంటుంది. రెండో వర్గం అన్నదమ్ముల్నే తప్పుపడుతుంది. అవసరానికి పిలిచారే గాని, పైన యుద్ధం ఎలా ఉందని ఏనాడైనా అడిగారా అంటుంది. రెండు మాటలూ నిజమే. ఆ సీజన్ మళ్లీ చూస్తే రెంటికీ సాక్ష్యాలు దొరుకుతాయి. కానీ ఆ పెరట్లో, ఒప్పందం కుదరకముందు, అహంకారం ఇంకా పుట్టలేదు. అక్కడున్నది ప్రేమే. అందుకే ఆ దృశ్యం నన్ను అంతగా బాధిస్తుంది.

తరువాత కథలో కాస్టియెల్ తిరిగొచ్చాడు, ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. అయినా ఆ అలవాటు పోలేదు. వాళ్లంతా కొడుకులా పెంచిన జాక్‌ను కాపాడటానికి తన ప్రాణాన్ని పణంగా పెట్టి మరో ఒప్పందం చేసుకుని, దాన్నీ డీన్‌కు చెప్పకుండా దాచాడు. 2020 నవంబరులో, సీరియల్ చివరి వారాల్లో, దాచింది బయటపెట్టి, డీన్‌ను ప్రేమిస్తున్నానని పలికాడు. ఆ మాట వెనకే, ఒప్పందం ప్రకారం, మృత్యువు వచ్చింది. డీన్‌కు జవాబిచ్చే వ్యవధి దక్కలేదు.

కాస్టియెల్ స్వర్గంలో యుద్ధానికి దిగింది స్వేచ్ఛ కోసం. ఎవరి దారి వాళ్లే ఎంచుకోవాలని తోటి దేవదూతలకు బోధించాడు. తను అందరికన్నా మిన్నగా ప్రేమించిన మనిషికి మాత్రం ఆ స్వేచ్ఛ ఇవ్వలేకపోయాడు. సాయం చేస్తానో చేయనో చెప్పాల్సినవాడు డీన్. అతని తరఫున ఆ జవాబు కాస్టియెలే నిర్ణయించేశాడు. అడిగి ఉంటే డీన్ చేతిలో పని పడేసి వెంట వచ్చేవాడనే నా నమ్మకం. రాకపోయినా, ఆ కాదనే హక్కు కూడా డీన్‌దే.