అర్ధరాత్రి కాల్ బుక్

"థియేటర్ల పనిచేస్తవట గదా వదినె, నాలుగు టికెట్లు ఇప్పియ్యరాదు!" పెళ్ళిళ్ళలో ఈ మాట నేనెన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అడిగినవాళ్ళ తప్పేం లేదు లెండి. ఆపరేషన్ థియేటర్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రివారు 1822లో కట్టించుకున్న థియేటర్ ఒకటి ఇప్పటికీ మ్యూజియంగా ఉంది. నడుమ ఒక చెక్కబల్ల, చుట్టూ మెట్లు మెట్లుగా విద్యార్థులు నిలబడి చూసే చోటు. అది ఆడవార్డు కోసం కట్టింది. అంటే బల్లమీద ఆడది, చుట్టూ మగవాళ్ళు! మత్తుమందు ఇంకా రాని రోజులు. ఆ తల్లులు ఎలా ఓర్చుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. అదే ఆసుపత్రిలో 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల బడి మొదలైంది.

మత్తుమందు మాట వచ్చింది కాబట్టి మన హైదరాబాద్ సంగతి చెప్పాలి. క్లోరోఫాం ఇస్తే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని తేల్చడానికి 1888లోను, మళ్ళీ 1889లోను అక్కడ కమిషన్లు కూర్చున్నాయి. ఖర్చు నిజాంగారిది, పట్టుదల ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరుది. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలన్నారు వాళ్ళు. గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని తర్వాతివాళ్ళు తేల్చారనుకోండి. ఆ లారీగారి దగ్గరే చదువుకుని, 1889లో పట్టా పుచ్చుకుని, క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్న పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూంజీ. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరని ఆవిడను చెప్పుకుంటారు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఆ నిజాం రాజ్యంలోవే.

సరిగ్గా ఆ 1889లోనే అమెరికాలో, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడ థియేటర్ నర్సు కరొలిన్ హాంప్టన్. చేతులు కడిగే పాదరసపు మందుకి ఆవిడ చర్మం పొక్కిపోతుంటే, సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి పల్చటి గ్లవ్స్ చేయించాడు. మరుసటేడు ఇద్దరికీ పెళ్ళయింది. ఆవిడ ఉద్యోగం మానేసింది. చేతులు బాగుపడ్డాయి, చేతులకు పని పోయింది! ఆ గ్లవ్సే మేము వాడేవాళ్ళం. ఇప్పటిలా ఒకసారి వాడి పారేసేవి కావు. కడిగి, ఆరేసి, చిల్లులు చూసి అతుకులేసి, పౌడరు చల్లి, మళ్ళీ డ్రమ్ములో పెట్టి ఆవిరి పట్టించేవాళ్ళం.

చరిత్ర పుస్తకాలు ఎంతసేపూ బల్ల దగ్గర జరిగినవే చెబుతాయి. బల్ల దగ్గరికి రమ్మని కబురు వచ్చేదాకా ఇంట్లో ఒక మనిషి కూర్చుని ఉంటుందే, ఆమె మాటేమిటి? దాన్నే మేము కాల్ డ్యూటీ అంటాం. ఆ మూడు ఊళ్ళలోనూ నేను చేసిన ఉద్యోగంలో సగం అదే.

సెల్‌ఫోన్ లేని కాలంలో మమ్మల్ని పిలిచింది కాల్ బుక్. గీతలు కొట్టిన పొడుగాటి రిజిస్టరు. రోగి పేరు, వార్డు, ఏం కేసు, పంపిన టైము, మేము చూసిన టైము, సంతకం. వాచ్‌మెనో, ఆయమ్మో దాన్ని చంకన పెట్టుకుని, టార్చిలైటు వేసుకుంటూ క్వార్టర్స్‌కి వచ్చేవాళ్ళు. "లేవుండ్రి సిస్టరమ్మా, కాన్పు కేసొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందట. మేడమ్ సుత బయలెల్లిండ్రు." నిద్రకళ్ళతో సంతకం పెడితే అది వంకర టింకరగా పడేది. పొద్దున చూసుకుంటే నాదేనా అనిపించేది.

ఏ ఊరి కాల్ ఆ ఊరిదే. జగిత్యాలలో చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద, జీపుల్లో కాన్పులు వచ్చేవి. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులనూ తెచ్చేవాళ్ళు. కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్ళు ఎక్కువ. నొప్పులు పడుతూ కూడా "ఆకు నానబెట్టి వచ్చిన, ఎండిపోతది" అని మనాది పడే తల్లిని చూశాను. సిరిసిల్ల సంగతే వేరు. అక్కడ రాత్రి అంటూ ఉండేది కాదు. వీధి వీధిలో సాంచాలు టకటకలాడుతూనే ఉండేవి. ఆ చప్పుడుకి వారంలో అలవాటు పడిపోయాను. చిత్రమేమిటంటే, ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. కరెంటు పోయిందన్నమాట, ఊరి సాంచాలన్నీ ఒక్కసారే నిలిచిపోయేవి. థియేటర్‌లోనూ చీకటే అని తెలిసి గుండె గుభేలుమనేది. వెన్నులో మత్తు ఇచ్చిన కేసయితే పెట్రోమాక్స్ లైటు తెచ్చుకోవచ్చు. ఈథర్ ఇస్తుంటే నిప్పు దగ్గరికి రాకూడదు, భగ్గుమంటుంది. బ్యాటరీ లైటు పట్టుకుని ఒకరు కదలకుండా నిలబడాల్సిందే.

కబురు అందాక పని గడియారంతో పందెం. డ్రమ్ములు చూడాలి, కత్తెరలు, క్లాంపులు పేర్చాలి, మాపులు లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. కడుపు మూసేముందు ఆ లెక్క మళ్ళీ సరిపోవాలి. ఇరవై అని రాసినచోట పంతొమ్మిది వస్తే డాక్టరుగారు ఎంత తొందరపడ్డా సిస్టరు ఒప్పుకోకూడదు. రాత్రి రెండున్నరకు, నిద్ర ముంచుకొస్తుండగా, పెద్దవాళ్ళతో "ఆగండి" అనగలగడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన విద్య.

ఇక ఇంట్లో చేసుకునే ఏర్పాట్లు ఏ బడిలోనూ నేర్పరు. కాల్ ఉన్న రోజు తలంటు పోసుకోకూడదు, తడిజుట్టు మీద టోపీ పెట్టుకోవడమంత నరకం లేదు. జడ అల్లుకునే పడుకోవాలి. గాజులు తీసి గూట్లో పెట్టాలి. రాత్రి తిండి పెందలాడే తినాలి, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. సంక్రాంతి ముందు సకినాలు చుట్టడం అస్సలు మొదలెట్టకూడదు, పిండి అలాగే ఉండిపోతుంది. తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర ఒకటి ఉండాలి. నిద్రలో పిల్లవాడు మీద వేసిన కాలు వాడు లేవకుండా ఎలా తీయాలో, అది మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాలి.

అయితే చెప్పనా? కాల్ వచ్చిన రాత్రి కన్నా రాని రాత్రే ఎక్కువ అలిసిపోయేదాన్ని. "రాత్రంతా పండుకున్నవ్ గదనే, ఇంకేం అలసట?" అనేది మా అత్తమ్మ. నాకు జవాబు దొరికేది కాదు. 1988లో స్వీడన్ పరిశోధకులు ఓడల్లో పనిచేసే ఇంజనీర్లను తీసుకుని, అలారం మోగితే లేవాల్సిన రాత్రులు వాళ్ళ మెదడు తరంగాలను కొలిచారు. గాఢనిద్ర తగ్గిపోయిందట, అలారం మోగకముందు కూడా! ఆ సంగతి చదివేనాటికి మా అత్తమ్మ లేదు, లేకపోతే చదివి వినిపించేదాన్ని.

నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకు లెండి, చేసిన కేసులకే లెక్క. కాల్ రాని రాత్రికి లెక్కా లేదు, మర్నాడు సెలవూ లేదు. "ఇంట్లోనే ఉన్నవు కదమ్మా" అనేవారు. ఇంట్లోనే ఉన్నాను. సినిమాకి పోలేదు, చెల్లెలి సీమంతానికి పోలేదు, బావి దగ్గర బట్టలు ఉతుకుతూ కూడా వీధి గేటు వైపే చెవి.

దీని మీద కోర్టు తీర్పు కూడా ఉంది. బెల్జియంలో నివెల్ అనే చిన్న ఊరి అగ్నిమాపక దళంలో ఒకాయన కాల్ డ్యూటీలో ఇంటి దగ్గరే ఉండేవాడు, పిలిస్తే 8 నిమిషాల్లో చేరాలి. అలా కాచుకున్న గంటలు పని గంటలేనని ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2018 ఫిబ్రవరిలో చెప్పింది. దానికి డబ్బు ఎంత ఇవ్వాలన్నది ఏ దేశం చట్టం ఆ దేశానిదే అంది. అయినా ఫరవాలేదు, పని అని ఒప్పుకున్నారు కదా.

ఇప్పుడు చాలా మారింది. 2005 ఆగస్టు 15న 108 బండ్లు వచ్చాయి. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి, రెండుచోట్లా వైద్య కళాశాలలూ వచ్చాయి. కాల్ బుక్ స్థానంలో సెల్‌ఫోన్ వచ్చింది. ఇక పెద్దాపరేషన్లంటారా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి అరవైకి పైగా అవే. ముహూర్తం పెట్టించుకుని మరీ వస్తున్నారు. అవి పంతులుగారు చెప్పిన వేళకి జరుగుతాయి. అడ్డం తిరిగిన బిడ్డకి మాత్రం పంచాంగం తెలీదు, అది ఇప్పటికీ అర్ధరాత్రే వస్తుంది.

మొన్న జగిత్యాలలో మా ఆడపడుచు కూతురు కలిసింది. దానిదీ థియేటర్ ఉద్యోగమే. ఫోను దిండు కింద పెట్టుకుంటే నిద్ర పట్టడం లేదు, దూరం పెడితే భయమేస్తోంది అంది. తలాపున స్టూలు మీద పెట్టు, ఆసుపత్రి నంబరుకి మటుకు వేరే మోత పెట్టు అని చెప్పాను. ఇంటి నుంచి థియేటర్‌కి ఎంతసేపు పడుతుందే అనడిగితే వేళ్ళ మీద లెక్కవేసి చెప్పింది: "పదకొండు నిమిషాలు అత్తా, వాచ్‌మెన్ గేటు తీసి ఉంచితే."