పాత లారీ, కొత్త ఆల్టర్నేటరు

1831లో మైకేల్ ఫారడే తీగచుట్టలో అయస్కాంతమును కదల్చి విద్యుత్తును పుట్టించెను. మోటారు బండ్ల బ్యాటరీలను నింపు యంత్రములన్నియు ఆ ప్రయోగపు సంతతియే.

తొలి మోటారు కార్లను ఇనుప హ్యాండిలుతో చేతితో త్రిప్పి నడిపించెడివారు. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి క్యాడిలాక్ కారులో వచ్చినది. స్టార్టరుకు పెద్ద బ్యాటరీ కావలెను. బ్యాటరీని నింపుటకు డైనమో కావలెను.

డైనమోలో అయస్కాంత క్షేత్రము నిలిచియుండును, తీగచుట్టలు తిరుగును. వానిలో పుట్టిన ఏకాంతర విద్యుత్తును కమ్యుటేటరు ఏకముఖముగా మార్చును. ఇచ్చు విద్యుత్తంతయు బ్రష్షుల గుండానే రావలెను. కనుక దానిని మితిమీరిన వేగమున త్రిప్పరాదు. ఇంజను మెల్లగా తిరుగునపుడు బ్యాటరీకి చేరునది చాల తక్కువ.

ఆల్టర్నేటరులో ఇది తారుమారైనది. క్షేత్రమే తిరుగును, బ్రష్షుల గుండా పోవునది క్షేత్రమునకు కావలసిన కొద్ది ఆంపియర్లే. చుట్టల నుండి వచ్చు ఏకాంతర విద్యుత్తును సిలికాన్ డయోడులు ఏకముఖము చేయును. 1960 నమూనా వాలియంట్ కారుతో క్రైస్లర్ సంస్థ దీనిని సామాన్యులకు అందించినది.

1940, 1950 దశకముల లారీలను ముచ్చటపడి నడుపువారు అమెరికాలో నేటికిని ఉన్నారు. డైనమోను తీసి ఆల్టర్నేటరును బిగించిన పిమ్మట, ఒక్కొక్కప్పుడు బ్యాటరీ నిండదు. యంత్రము చెడినదని తోచును. కాని కారణము తరచుగా పాత వైరింగులోనే ఉండును.

డైనమో ఇనుములో మిగిలిన అయస్కాంతత్వము దానిని మేల్కొల్పుటకు చాలును. ఆల్టర్నేటరుకు సాధారణముగా అది చాలదు. హెచ్చరిక దీపము గుండా బ్యాటరీ నుండి స్వల్ప ప్రవాహము అందవలెను. దీపము మాడినను, దాని తీగ లేకున్నను ఛార్జి ఉండదు. దీపము లేకుండ ఆ తీగను తిన్నగా ఇగ్నిషనుకు కలిపినచో, తాళము త్రిప్పినను ఇంజను ఆగకపోవచ్చును.

రెండవది తీగ లావు. 50 ఆంపియర్లు 0.02 ఓముల నిరోధము గుండా పోయినచో ఓము సూత్రము ప్రకారము 1 వోల్టు నష్టమగును. 50 వాట్ల వేడి పుట్టును. సన్నని పాత తీగ కాలి, లారీకే నిప్పంటుకొనవచ్చును. మూడవది ధ్రువము. 1955 వరకు ఫోర్డు లారీలలో బ్యాటరీ ధన ధ్రువమును చట్రమునకు కలిపెడివారు. ఆ విధముగనే నేటి సాధారణ ఆల్టర్నేటరును కలిపినచో డయోడులు తక్షణమే మాడిపోవును.

పరీక్షకు వోల్టుమీటరు చాలును. 12 వోల్టుల బ్యాటరీ నిండియుండి, ఇంజను ఆగియున్నపుడు సుమారు 12.6 చూపును, ఇంజను నడుచునపుడు 14కు చేరవలెను. ఆల్టర్నేటరు వద్ద 14 ఉండి బ్యాటరీ వద్ద తగ్గినచో దోషము తీగలోనిది. రెండుచోట్లను పెరుగకున్నచో మొదట దీపపు తీగను చూడవలెను.

మనము సైకిలు డైనమో అని పిలుచునది నిజమునకు చిన్న ఆల్టర్నేటరే. దానిలో శాశ్వతాయస్కాంతమే తిరుగును. కనుక మేల్కొల్పు దీపముతో పనిలేదు. ఉపాధ్యాయులు పాతదానిని ఒకటి తరగతిలో విప్పి చూపినచో ఈ భేదమంతయు విద్యార్థులకు కంటికి కనబడును.