రాక్ ఆల్బమ్‌లో త్యాగరాజ కృతి: ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ – ఒక పరిశీలన

బెంగళూరులో 2003లో ఏర్పడిన ‘అగం’ బృందం కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో మేళవించి ప్రసిద్ధి పొందింది. 2012లో ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’, 2017లో ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ ఆల్బమ్‌లను వెలువరించింది. రెండవ ఆల్బమ్‌లోని ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’కు ఆధారం త్యాగరాజు (1767–1847) నళినకాంతి రాగంలో రచించిన ‘మనవ్యాలకించరాదటే’ కృతి. శీర్షిక ఆంగ్లం, సాహిత్యం తెలుగు.

తెలుగు పాట తెలుగునేల వెలుపల వినిపించడం కొత్త కాదు. నాయక, మరాఠా రాజుల ఆదరణతో తంజావూరు సీమలో తెలుగు గేయభాషగా స్థిరపడింది. త్యాగరాజు జీవించిన తిరువాయూరు ఆ సీమలోనిదే. అందువల్ల బెంగళూరు బృందం ఈ కృతిని చేపట్టడాన్ని ఆ సంప్రదాయానికి కొనసాగింపుగానే భావించాలి.

మారినది శ్రోత. రాముని కరుణాంతరంగాన్ని ఎరిగిన భక్తుడు తన విన్నపం ఆలకించమని మనస్సునే వేడుకోవడం ఈ కృతి వస్తువు. కర్మకాండకు ఆకర్షితులై సంసారారణ్యంలో అలమటించేవారిని చూసి రాముడు మానవుడై అవతరించాడన్న విమర్శనాత్మక భావం చరణంలో ఉంది. గిటారు, డ్రమ్ముల ఉధృతిలో తెలుగు తెలియని శ్రోతకు ఈ పదాలు ప్రధానంగా నాదమే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలోని తెలుగు శ్రోతకు అవి అర్థం కూడా కాగలవు.

రాక్ వాద్యాలు కృతిని చెడగొట్టాయా అన్న వివాదం ఈ ప్రశ్నను మరుగుపరుస్తుంది. రాగం కొత్త తరాన్ని చేరింది. అందులోని విన్నపం చేరిందా అన్నదే విచారణీయం. ఆ అర్థాన్ని అందించవలసిన బాధ్యత వాద్యబృందం కన్నా తెలుగు సాహిత్య బోధనపైనే ఎక్కువగా ఉంది.