పన్నీటి పూర్వకథ

ముఖము కడిగికొనిన పిదప నేటి యువతులు దూదితో నద్దుకొనుచున్న టోనరు పేరు క్రొత్తదే గాని, పరిమళజలముతో మేనికి చల్లదనము గూర్చుకొను వాడుక మన తెలుగునేలకు క్రొత్తది గాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమందు, గాలివానకు చెదరి తీరము చేరిన ఓడల సరకును పూర్వరాజులు కొల్లగొనుచుండిరనియు, తాను మాత్రము నియతమైన సుంకము దక్క మరేమియు గైకొననియు నావికులకు మాట యిచ్చి, ఆ సుంకముల పట్టికలో ఏనుగుదంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములతోపాటు పన్నీటిని గూడ నిలిపెను. రాజశాసనమున దంతముతో ఒకే వరుస కెక్కిన ద్రవము నాటి వర్తకులకు ఎంత విలువైన సరకో వేరుగా చెప్పనక్కరలేదు.

గులాబిరేకులను నీటితో కాచి, ఆవిరిని చల్లార్చి పన్నీరు పట్టు విద్యను తొమ్మిదవ శతాబ్దమున అల్ కిందీ అను పండితుడు అరబ్బీభాషలో గ్రంథస్థము చేసెను; పారశీకమునందలి జూరు నగరపు పన్నీరు దేశాంతరములకు ఎగుమతి యగుచుండెను. గంగాతీరమునందలి కన్నౌజిలో ఆ విద్య నేటికిని సజీవముగ నున్నది. ఎండ సోకినచో పరిమళతైలము ఎగిరిపోవును గనుక వేకువనే కోసితెచ్చిన పూలను దేగ్ అను రాగికాగులో నీటితో కలిపి, మూతి చుట్టును మట్టి మెత్తి, క్రింద కట్టెలమంట పెట్టి, ఆవిరిని వెదురుగొట్టము గుండ చన్నీటితొట్టిలో మునిగియున్న భప్కా అను పొడుగుమెడ పాత్రలోనికి దింపుదురు. ఉష్ణమాపకముతో పని లేదు. పాత్రను తాకి చూచి మంట హెచ్చింపవలెనో తగ్గింపవలెనో నిర్ణయించు పనివాని యరచేయియే ప్రమాణము. తరతరములుగా తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన ఆ స్పర్శజ్ఞానమును నేను ఏ శాస్త్రజ్ఞానమునకును తీసికట్టుగా నెంచజాలను.

జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో, నూర్జహాను తల్లి అస్మత్ బేగము పన్నీరు తయారు చేయుచుండగా, వేడిపన్నీరు పోసిన పళ్లెరములలో తేలిన తెట్టును కొద్దికొద్దిగా కూర్చి అత్తరు కనుగొనెననియు, అందులకు తాను ముత్యాలహారమును బహూకరించితిననియు వ్రాసికొనెను. జహంగీరు సవతితల్లి సలీమా సుల్తాన్ బేగము ఆ అత్తరునకు జహంగీరు పేరే పెట్టెను. ఆనాటినుండి కీర్తి యంతయు అత్తరునకు దక్కి, పన్నీరు వెనుకబడినది. ఇది నాకు సమ్మతము గాదు. గులాబి సువాసనలో ముఖ్యాంశమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ చాలవరకు నీటిలోనే కరిగి నిలుచును; తెట్టు తీసిన పిదపను పన్నీరు గుబాళించుటకు అదియే హేతువు. అత్తరు వస్త్రమునకు, సభకు శోభ గూర్చునేమో గాని, సుకుమారమైన ముఖచర్మము ఆ ఘాటును ఓర్వలేదు. దానికి తగినది ఈ పలుచని నీరే.