ఓరుగంటి పూటకూటిండ్లు

కాకతీయుల రాజధానియగు ఓరుగంటి వైభవమును వర్ణింపబూనిన చరిత్రకారులు కీర్తితోరణములను, మట్టికోట రాతికోటలను, 1163 నాటి వేయిస్తంభముల గుడిని తనివితీర వర్ణించి, ఆ నగరమునకు నిత్యము వచ్చిపోవు బాటసారి మధ్యాహ్నవేళ ఎవరి ఇంట విస్తరి ముందు కూర్చుండెనను సంగతిని ఒక వాక్యముతో సరిపెట్టుచుందురు. ఇందుకు వారిని నిందింపరాదు. శాసనము దానమును స్మరించునే గాని విక్రయమును స్మరింపదు. 1261 నాటి మల్కాపుర శాసనము విశ్వేశ్వరశివాచార్యుల ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, విప్రసత్రమును వానికి విడిచిన ఆదాయముతో సహా మనకు తెలిపినది. రూక పుచ్చుకొని కడుపునిండ అన్నము పెట్టిన గృహస్థు పేరు చెక్కించుటకు శిల్పిని పిలిచినవారు లేరు.

ఆ లోపమును తీర్చినది కావ్యము. వినుకొండ వల్లభరాయని పేర వెలసి, శ్రీనాథకృతమేయని కొందరు పండితులు వాదించిన క్రీడాభిరామమున, గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీధులలో దినమెల్ల విహరించుచు, కోడిపందెములను, పొట్టేళ్ళ పోరును, మాచలదేవి చిత్రశాలను కన్నులార చూతురు. నడుమ భోజనప్రసక్తి వచ్చినప్పుడు లక్ష్మణవజ్ఝల పూటకూటిల్లు పేరుతో సహా కానవచ్చును. మేలిజాతి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, చక్కెర, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, కడపట గడ్డపెరుగు: ఇంతయు ఒక్క రూకకు!

ఈ విస్తరిని కవి నోరూరించుటకు మాత్రమే వడ్డించెనని నేననుకొనను. గోధుమ ఈ నేలకు ప్రధానమైన పంట కాదు. అట్టి ధాన్యపు పిండివంట రూక భోజనములో చేరవలెనన్నచో, అంగడిలో సరకు సమృద్ధిగ దొరకవలెను, దానిని నిత్యము తినిపోవు పరదేశులును ఉండవలెను. మట్టెవాడ అంగళ్ళ సరకులపై వర్తకులు దేవునికి అర్పించిన సుంకములను పేర్కొను ఓరుగంటి శాసనము ఈ రెంటికిని సాక్ష్యము. సత్రమున ఉచితముగ తినుటకు సిగ్గుపడు సెట్టికిని, సత్రమున చోటులేని వానికిని, వ్యవహారములకై నెలల తరబడి రాజధానిలో నిలువవలసిన గ్రామణికిని ఈ ఇండ్లే శరణ్యములై యుండును. సత్రము రాజు చేతి చలువ. పూటకూటిల్లు బాటసారి మొలనున్న రూక చలువ.

కనుకనే దాని పతనము నగరపతనముతో ముడివడినది. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు కోటను పట్టి, ప్రతాపరుద్రుని బందీగ గొనిపోయి, ఓరుగంటికి సుల్తాన్‌పురమని పేరు పెట్టిరి. తరువాత కాపయనాయకుడు నగరమును మరల గెలిచెను గాని, రాజ్యకేంద్రము క్రమముగ గోలకొండకును హైదరాబాదునకును తరలగా బాటలును అటే మళ్ళినవి. గుడికి మాన్యమును మరియొక రాజు ఈయవచ్చును. విస్తరాకు ముందు కూర్చుండు మనుష్యుని మాత్రము ఎవ్వరును మాన్యముగ ఈయజాలరు.

క్రీడాభిరామపు సాక్ష్యమున ఒక చిక్కున్నది. వల్లభరాయని కాలము పదునైదవ శతాబ్ది. ఆయనకు మూలము ప్రతాపరుద్రుని నాటి రావిపాటి త్రిపురాంతకుడు రచించిన ప్రేమాభిరామము. ఆ సంస్కృతమూలము నేడు లభింపదు. కావున లక్ష్మణవజ్ఝల విస్తరి ఓరుగంటి మంచిదినములదో, శతాబ్దము గడచిన పిమ్మట తెలుగు కవి తన కాలపు వంటను అందు వడ్డించెనో తేల్చుట కష్టము. నేను మొదటి పక్షమువైపే మొగ్గుదును, మొగ్గుటకు ఆకలి తప్ప బలమైన హేతువు చూపలేకున్నను.

వృత్తి మాత్రము పూర్తిగ నశింపలేదు, అంతస్తు దిగినది. కన్యాశుల్కము వెలువడిన 1897 నాటికి పూటకూళ్ళమ్మ యన్నచో వితంతువు జీవనోపాధి, ఊరివారి ఎకసక్కెము. ఓరుగంటిలో నిజాం రైలుమార్గము 1889 నాటికి బెజవాడ చేరుటతోను, 1934లో ఆజంజాహీ మిల్లు వెలయుటతోను వచ్చిపోవువారు మరల పెరిగిరి. వారికి అన్నము పెట్టినవి బల్లలు, కుర్చీలు గల హోటళ్ళు. అచ్చట టికెట్టు కొన్న పిదపనే విస్తరి. పప్పు, నంజుళ్ళు, చివర పెరుగు అను వరుస చెక్కుచెదరలేదు. పెరుగు మాత్రము పలుచబడినది.